పాపక్షమా నిశ్చయము

ఘోరపాపమునకు లోబడిన భక్తుడు, దేవుడు తన్ను క్షమించెనని ఏ యాధారముచేత నమ్మవచ్చును, ఆ నమ్మకము ఎట్లు కలుగును, కలిగిన పిదప ఎట్లు నిలుచును అను ప్రశ్నలకు మతములును సంఘములును కాలక్రమమున చెప్పుకొన్న సమాధానములను పాపక్షమా నిశ్చయమను శీర్షికక్రింద చర్చించుట పరిపాటి. తెలుగు క్రైస్తవులు దీనిని క్షమాపణ నిశ్చయత యనియు, విశాలార్థమున రక్షణ నిశ్చయత యనియు వాడుదురు. క్షమ దేవుని కార్యము. నిశ్చయము మానవుని యెరుక. క్షమింపబడియు ఆ సంగతి నెరుగక జీవితాంతము కుములువారు కలరు. ఎట్టి పశ్చాత్తాపమును లేక క్షమింపబడితిమని ధీమాతో తిరుగువారును కలరు. ఈ రెండింటిని విడదీయక వ్రాసిన గ్రంథములు పాఠకుని కలవరపెట్టుటయే గాని ఓదార్చుట అరుదు.

పత్తియు మిరపయు పండు గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి సీమ ఈ విషయమును పరిశీలించుటకు మిక్కిలి అనువైన స్థలము. ధర్మశాస్త్రములు విధించిన ప్రాయశ్చిత్తములు, కులపంచాయతీలు వేసిన తప్పులు, కాథలిక్కుల పాపసంకీర్తనము, లూథరు సంఘపు ఒప్పుకోలు, బాప్టిస్టుల బాప్తిస్మము, రక్షణ సైన్యపు కరుణాపీఠము, ఉజ్జీవ కూటముల సాక్ష్యము ఒకదాని చెంత నొకటి ఇచ్చట బ్రదికినవి, ఇంకను బ్రదుకుచున్నవి. వీని చరిత్రమును వరుసగా చూచినచో తోచునది యేమనగా, పతితునికి నిశ్చయము తన హృదయమును తాను త్రవ్వుకొనుటవలన కలిగినది తక్కువ. తనకు వెలుపల నున్న మరియొకరి నోట వెలువడిన మాటవలనను, తనతో కూర్చుండి భుజించుటకు సమ్మతించిన పంక్తివలనను కలిగినదే ఎక్కువ.

పూర్వ సంప్రదాయములు

మనుస్మృతి పదునొకండవ అధ్యాయము ప్రాయశ్చిత్త ప్రకరణము. బ్రహ్మహత్య, సురాపానము, స్వర్ణస్తేయము, గురుతల్పగమనము, ఈ నాల్గింటిని చేసినవారితోడి సహవాసము అను పంచమహాపాతకములను, వానికి తగిన కృచ్ఛ్ర చాంద్రాయణాది వ్రతములను అది వివరించును. నిశ్చయమునకు సంబంధించినంతవరకు ముఖ్యమైన సంగతి వ్రతకాఠిన్యము గాదు. పాపి తన ప్రాయశ్చిత్తమును తానే నిర్ణయించుకొనరాదనియు, విద్వాంసుల పరిషత్తును సమీపించి, దోషమును దాచక వెల్లడించి, వారు పలికిన నిర్ణయమును శిరసావహింపవలెననియు స్మృతికారులు విధించిరి. వ్రతము ముగిసిన పిదప జ్ఞాతులు అతనితో గూడ పుణ్యజలాశయమున స్నానమాడి, నీరు నిండిన క్రొత్తకుండను ఆ జలమున విడిచి, అతనిని మరల తమలో చేర్చుకొందురు. యాజ్ఞవల్క్యుడు ఇంకొక చిహ్నమును చెప్పెను: శుద్ధుడైనవాడు గోవులకు గడ్డి పెట్టవలెను, ముందుగా వానిచే ఆదరింపబడి తరువాతనే మనుష్యులచే ఆదరింపబడవలెను. పాపికి తన మనస్సాక్షిని తానే సాక్ష్యముగా నిలుపుకొను అవస్థ నిచ్చట తప్పించిరి. పరిషత్తు పలికినది, జ్ఞాతులు చేరదీసిరి, గోవు మేసినది. ఈ శాస్త్రమంతయు తెలుగునకు క్రొత్తది గాదు. పదమూడవ శతాబ్దిలో తిక్కన శిష్యుడైన మూలఘటిక కేతన, మితాక్షరా వ్యాఖ్య ననుసరించి రచించిన విజ్ఞానేశ్వరీయమున ఆచార వ్యవహార కాండలతోపాటు ప్రాయశ్చిత్త కాండమునుగూడ తెనిగించెను.

పరిషత్తు గడప తొక్కుటకు అర్హతలేని కులములవారికి శాస్త్రమునకు మారుగా పంచాయతీ యుండెను. తప్పు చేసినవానిచేత కులపెద్దలు తప్పు కట్టించుకొని, అతనిచేత కులస్థులకు విందు పెట్టించి, ఆ విందులో తామును తినుటవలన వెలిని ఎత్తివేయుచుండిరి. అధికార దుర్వినియోగమునకు, ధనాశకు ఈ పద్ధతిలో కావలసినంత చోటు కలదు. స్త్రీలపట్ల అది తరచుగా క్రూరముగానే వర్తించెను. ఐనను తప్పు కట్టి అన్నము పెట్టినవానికి తన సంగతి తేలినదా లేదా యను సంశయము మిగులలేదన్నది నిజము.

భక్తిసాహిత్యము ఈ ప్రశ్నను వేరొక దారికి మరల్చినది. ఆంధ్ర మహాభాగవతమున షష్ఠస్కంధమును రచించిన ఏర్చూరి సింగన చేతిలో అజామిళోపాఖ్యానము తెలుగు పాఠకునికి చిరపరిచితమైనది. కులాచారమును, తల్లిదండ్రులను, భార్యను విడిచి చౌర్యముతో బ్రదికిన అజామిళుడు మరణాసన్నుడై కొడుకును పేరు పెట్టి పిలువగా, ఆ పేరు నారాయణ నామమగుటచేత విష్ణుదూతలు వచ్చి యమదూతల నడ్డగింతురు. జనులు కథను ఇచ్చటనే ఆపుదురు. కాని కావ్యమున అజామిళుడు ఆ క్షణమున మరణింపడు. తన శయ్యచుట్టును జరిగిన వాదమును చెవులార విని, మేల్కొని, సిగ్గుతో దహించుకొనిపోయి, గంగాద్వారమునకు బోయి శేషజీవితమును తపస్సున గడపును. క్షమ ముందు, పశ్చాత్తాపము వెనుక వచ్చిన ఈ క్రమమును పండితులు ఇంకను విశేషముగా గమనింపవలసియున్నది. గుంటూరు మండలమునకే చెందిన తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యమున చిత్రించిన నిగమశర్మ యింతకంటె నికృష్టుడు. తన్ను దిద్దవచ్చిన అక్క నగలను, ముక్కరతో సహా, మూటగట్టుకొని పారిపోయినవాడు. తుదకు నరసింహ క్షేత్రమున ప్రాణము విడుచుటచేత సద్గతి పొందెను. అక్కకు ఆ సంగతి తెలిసెనా? కవి ఆమెను నగలకై వగచునదిగా విడిచి ముందునకు సాగెను. దైవము క్షమించిన పాపమువలన నష్టపడినవారి మాటయేమి యను ప్రశ్న ఆ అక్క రూపమున తెలుగు సాహిత్యమున అట్లే నిలిచియున్నది.

పండ్రెండేండ్ల కొకసారి బృహస్పతి కన్యారాశిని ప్రవేశించినప్పుడు కృష్ణాపుష్కరములకు అమరావతి, సీతానగరము రేవులలో మునుగు లక్షలాది జనులు, కార్తిక పౌర్ణమినాడు బాపట్ల చెంతనున్న సూర్యలంక కడలిలో స్నానమాడువారు పాపపరిహారమునే కోరుదురు గాని, అందలి నిశ్చయమును విమర్శించి చూచుకొనువారు స్వల్పము. ఇస్లామునందు తౌబాకు మధ్యవర్తి లేడు: పాపమును మానుట, చేసినదానికి వగచుట, మరల చేయనని సంకల్పించుట అను మూడు నియమములకు, తోడి మనుష్యుని హక్కుకు భంగము కలిగినచో దానిని చెల్లించుట అను నాల్గవ నియమము చేరును. దేవుని కారుణ్యమునుగూర్చి నిరాశ చెందుటను ఖురాను ముప్పదితొమ్మిదవ అధ్యాయము నిషేధించినది; నిరాశయే అపరాధమైన చోట నిశ్చయము ఒక విధముగా విధియే యగును.

క్రైస్తవ చర్చ

బాప్తిస్మము సమస్త పాపములను కడుగునని నమ్మిన ఆదిమ సంఘమునకు, బాప్తిస్మము పొందిన పిదప పడిపోయినవాని గతి యేమి యనునది దుర్ఘటమైన సమస్య యయ్యెను. క్రీ.శ. 250లో డీసియస్ చక్రవర్తి ప్రజలందరు రోమను దేవతలకు బలి యర్పింపవలెనని శాసింపగా ప్రాణభీతిచే అనేక క్రైస్తవులు లొంగిపోయిరి. హింస తగ్గిన తరువాత వారు కన్నీటితో సంఘద్వారమున నిలిచిరి. వారిని ఏ పరిస్థితులలోను చేర్చుకొనరాదని రోములో నొవేషియనును, తగిన పశ్చాత్తాప కాలము గడిపించి చేర్చుకొనవలెనని కార్తేజి బిషపు సిప్రియనును వాదించిరి. 325 నాటి నికయ సభ నొవేషియను అనుయాయులను తిరిగి చేర్చుకొనుటకు, పడిపోయినవారితో వారు సహవాసము చేయవలెనను షరతు పెట్టినది. మరణశయ్యపై నున్నవానికి ప్రభుభోజనమును నిరాకరింపరాదనియు నిర్ణయించినది. బహిరంగ పశ్చాత్తాపము క్రమక్రమముగా గురువు చెవిలో చెప్పు ఏకాంత సంకీర్తనముగా మారి, 1215లో నాల్గవ లాటరను సభ యేడాది కొక్కమారైనను దానిని ప్రతి విశ్వాసికి విధించుటతో పశ్చిమ దేశముల యంతట నెలకొన్నది.

జర్మనీలో ఎర్‌ఫర్టు మఠమున 1505లో చేరిన మార్టిన్ లూథరు, ఆ సంస్కారము నిచ్చు నిశ్చయమును పొందజాలక అలమటించెను. చెప్పిన పాపములకంటె మరచిన పాపము లతనిని బాధించెను. తన పశ్చాత్తాపము నిజమైనదా కాదా యని కొలుచుకొనుచున్నంతకాలము ఆ కొలత ముగియదని గ్రహించి, గురువు పలికిన క్షమావాక్యమును దేవుని వాక్యముగానే నమ్మవలెను గాని తన మనోభావములను తరచి చూడరాదని ఆతడు బోధించెను. 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణమున పండ్రెండవ ప్రకరణము, బాప్తిస్మానంతరము పడినవారు ఎప్పుడు తిరిగివచ్చినను క్షమాపణ పొందుదురనియు, సంఘము వారికి క్షమావాక్యమును నిరాకరింపరాదనియు ప్రకటించి, నొవేషియనుల మతమును పేరుపెట్టి ఖండించినది. పదునొకండవ ప్రకరణము ఏకాంత ఒప్పుకోలును నిలుపవలెనని చెప్పుచునే, పాపములన్నింటిని లెక్కించి చెప్పు నిర్బంధమును తొలగించినది. దీనికి ప్రతిగా కాథలిక్కుల ట్రెంటు సభ 1547లో, తాను కృపయందున్నానని ఏ మనుష్యుడును విశ్వాసమునకు తగిన అచంచల నిశ్చయముతో ఎరుగజాలడని తీర్పు చెప్పినది. పరస్పర విరుద్ధములుగా కనుపించు ఈ వాదములకు అడుగున ఒక సమానాంశము కలదు: ఇరుపక్షములును క్షమావాక్యము పాపి నోటినుండి గాక వేరొకరి నోటినుండియే రావలెనని యెంచినవి.

గుంటూరు లూథరు సంఘము

1842 జూలై 31న గుంటూరు చేరి, కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆదరణతో సేవ ప్రారంభించిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు అమెరికా లూథరు సంఘముల ప్రథమ మిషనరీ. ఆతడు వేసిన పునాదిపై పెరిగిన సంఘము, రాజమహేంద్రవరపు మిషనుతో కలిసి 1927లో ఆంధ్ర సువిశేష లూథరు సంఘముగా ఏర్పడి, గుంటూరును కేంద్రముగా చేసికొన్నది. ఆగ్స్‌బర్గు ప్రమాణమును అంగీకరించిన సంఘమగుటచే పైన చెప్పిన పండ్రెండవ ప్రకరణము గుంటూరు పల్లెల విశ్వాసికి సిద్ధాంతరీత్యా సొత్తే. ఐనను ఏకాంత ఒప్పుకోలు ఇచ్చట వేరూనలేదు. కారణము అమెరికాలో వెదకవలెను. గుంటూరు మిషనును పోషించిన జనరల్ సినడునందు పంతొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఉజ్జీవవాదుల ప్రాబల్యము మిక్కుటము. ఆ సినడునకు చెందిన సామ్యూల్ ష్మకరు ప్రభృతులు 1855లో వెలువరించిన ప్రణాళికలో, ఆగ్స్‌బర్గు ప్రమాణమందలి దోషములని ఎంచి తొలగింప జూచినవానిలో ఏకాంత ఒప్పుకోలు, క్షమాప్రకటనము నున్నవి. ఆ ప్రణాళికను సినడులు పెక్కు త్రోసిపుచ్చినవి. కాని రోమను వాసనయను భీతి మిషనరీల వెంట ఓడయెక్కి వచ్చినదని చెప్పిన తప్పుగాదు.

కావున ఇచ్చట మిగిలినది సామూహిక ఒప్పుకోలు. ఆదివారపు ఆరాధనక్రమమున సంఘమంతయు కలిసి పాపములొప్పుకొనును, అయ్యగారు క్షమాపణ ప్రకటించును. నిత్యజీవితపు చిన్న దోషములకు ఇది చాలును. వ్యభిచారము, దొంగసాక్ష్యము, అన్నదమ్ముల ఆస్తి నపహరించుట వంటి తప్పు మనస్సును తినివేయుచున్నవానికి ఆ బహువచన ప్రయోగములో తన పేరు వినబడదు. అందరికి చెప్పినది తనకుగూడ చెప్పినదే యని నమ్మవలెనని వేదాంతులు చెప్పుదురు. నమ్మలేకపోవుటయే అతని వ్యాధి. ఫలితముగా పెక్కుమంది ప్రభువు బల్లకు దూరమగుదురు. అయోగ్యముగా పుచ్చుకొనువాడు శిక్షావిధికి లోనగునని కొరింథీయులకు పౌలు వ్రాసిన హెచ్చరిక పల్లెలలో ఎంత లోతుగా నాటినదనగా, ఏండ్ల తరబడి బల్ల పుచ్చుకొనక, ఆరాధన చివర మెల్లగా లేచి వెలుపలకు బోవువారు కానవత్తురు. వారిలో నిజముగా క్రమశిక్షణచే ఆపబడినవారు కొందరే. తక్కినవారు తమ్ము తామే వెలివేసికొన్నవారు. ఆ పౌలే అదే సంఘమునకు వ్రాసిన రెండవ పత్రికలో, శిక్షింపబడినవాడు అధిక దుఃఖమున మునిగిపోకుండ అతనిని క్షమించి ఆదరింపుడని కోరిన సంగతి ప్రసంగములలో అంతగా వినబడదు.

పాటలు ఈ లోటును కొంతవరకు తీర్చినవి. పర్లాకిమిడి ప్రాంతమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రచించిన కీర్తనలలో పశ్చాత్తప్తుడు దేవునితో పలుకు ధోరణి, రామదాసాదుల సంకీర్తన సంప్రదాయమున పెరిగిన చెవికి సహజముగా ఒదిగినది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిని మడచి పెట్టి కంఠస్థముగా పాడు వృద్ధురాండ్రకు సిద్ధాంతగ్రంథములు నేర్పనిది ఆ రాగములు నేర్పినవి.

గుండ్లకమ్మ, ఫిరంగిపురము

ఒంగోలున 1866లో పని ప్రారంభించిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్టు క్లౌ, 1876–78 నాటి మహాకరువులో బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంతభాగమును గుత్తకు తీసికొని అన్నార్తులకు పని కల్పించెను. కూటికొరకు మతములో చేరిరను అపవాదమునకు వెరచి బాప్తిస్మములను ఆపియుంచి, కరువు సడలిన పిదప ద్వారము తెరువగా 1878 జూలై 3న వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. అందు అత్యధికులు మాదిగలు. వారికి క్షమాపణ నిశ్చయము నీటిలో మునిగి లేచిన ఆ గడియయే. చచ్చిన పశువు మాంసమును తినరాదు, ఆదివారము పని చేయరాదు, విగ్రహములను కొలువరాదు అను మూడు నియమములు క్రొత్త జీవితమునకు గట్లు. కలరా వచ్చిన యేట పోలేరమ్మకు దున్నను కొట్టిన జాతరలో డప్పు పట్టినవాడు పడిపోయినవాడే; అతని వృత్తియు, కులకట్టును, భూస్వామి యాజ్ఞయు అతనిని ఆ జాతరకు ఈడ్చినవని తీర్పు చెప్పువారు ఎప్పుడును గణించిరని చెప్పలేము. పాపమని పేరుపెట్టబడినదానిలో ఎంతవరకు పాపము, ఎంతవరకు దాస్యము అని విడదీయకుండ క్షమాపణ నిశ్చయమును చర్చించుట ఈ సీమలో అసంపూర్ణమే.

కాథలిక్కుల మార్గము వేరు. 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనమున ఫిరంగిపురమువంటి పాత విచారణలలో చావైన పాపమునకు, స్వల్ప పాపమునకు గల భేదము బాలురకుగూడ తెలియును. పశ్చాత్తాపము, పాపసంకీర్తనము, ప్రాయశ్చిత్త స్వీకారము అను మూడు మెట్ల పిదప గురువు క్షమావాక్యమును ఒక్కనికి, ఏకవచనమున పలుకును. ఫిబ్రవరి 11న ముగియు గుణదల మాత ఉత్సవములకు ఈ సీమనుండి నడచి వెళ్ళు యాత్రికులు అచ్చట తలనీలాలు సమర్పించి, పాపసంకీర్తనమునకు వరుసలో నిలుతురు. ప్రాయశ్చిత్తమున క్షౌరమును విధించిన ధర్మశాస్త్రము పరిషత్తుతోపాటు ఆ వరుసలో అజ్ఞాతముగా నిలిచియుండునేమో.

ఉజ్జీవ కూటములు

ఇంగ్లండున 1738 మే 24న జాన్ వెస్లీ, క్రీస్తు తన పాపములను తొలగించెనను నిశ్చయము తన హృదయమున కలిగినట్లు వ్రాసికొనిన నాటనుండి, క్షమకు గుర్తు అంతరంగానుభూతి యను భావము ప్రొటెస్టంటు లోకమున బలపడినది. తెలుగుదేశమున దీనికి రెండు ప్రబల ధారలు. కెనడాలో 1929లో క్రీస్తును నమ్మిన పంజాబీ సిక్కు బక్తసింగు, 1941లో మద్రాసున యెహోవా షమ్మాను స్థాపించి, తరువాత హైదరాబాదు హెబ్రోను కేంద్రముగా 2000లో మరణించువరకు నడపిన సహవాసములు కోస్తా జిల్లాలలో విస్తరించినవి. ప్రతి ఆదివారము రొట్టె విరుచుట, పాపమును దాచక ఒప్పుకొనుట, దొంగిలించినది తిరిగి యిచ్చుట ఆ సహవాసముల లక్షణములు. రెండవది ముంగమూరి దేవదాసు 1938 జనవరి 31న తనకు కలిగిన దర్శనమునుండి లెక్కించు బైబిలు మిషను. రాజమహేంద్రవరమున లూథరు సంఘ ఉపాధ్యాయుడైన దేవదాసు ఆ సంఘమును వీడి, 1960లో గుంటూరు చెంత కాకానిలో తనువు చాలించెను. ఆతడు నేర్పిన సన్నిధి ప్రార్థనలో భక్తుడు నిశ్శబ్దముగా దేవుని యెదుట కూర్చుండి, పాపములను ఒప్పుకొని, సమాధానము వచ్చువరకు కనిపెట్టవలెను. ఏటేట జనవరి మాసాంతమున నాగార్జున విశ్వవిద్యాలయము ఎదుటి మైదానమున జరుగు మహాసభలకు ఇతర సంఘములవారును గుంపులుగా వత్తురు.

ఈ ఉద్యమములు మొద్దుబారిన మనస్సులను కదల్చిన మాట నిజము; ఇరుగుపొరుగు బాకీలు తీరిన మాటయు నిజమే. కాని అనుభూతిని గుర్తుగా పెట్టుకొన్నవానికి ఆ అనుభూతి చల్లారిన మరునాటినుండి మరల సంశయము మొదలగును. అట్టివాడు ఏటికేడు సభలలో చేయి ఎత్తును, ఏటికేడు క్రొత్తగా రక్షింపబడును. కూటములలో చెప్పబడు సాక్ష్యములన్నియు పూర్వపాపము, రక్షణ, అటుపిమ్మట విజయము అను క్రమమున సాగుటచేత, రక్షింపబడిన పదేండ్లకు పడినవానికి చెప్పుకొనుటకు కథయే లేకపోయినది. దావీదు బత్షెబ విషయమున పాపము చేసినది రాజ్యారంభమున గాదు, అభిషిక్తుడై యుద్ధములు గెలిచి ఇంట కూర్చున్న కాలమున. అతనికి నాతాను ప్రవక్త మొదట దోషమును, వెంటనే క్షమను నోటితో చెప్పెను. ఏబదియొకటవ కీర్తనకు గల శీర్షిక ఆ సందర్భమునే పేర్కొనుచున్నది. పుట్టిన శిశువు మరణించెను, ఇంటిలో ఖడ్గము విడువలేదు. ఐనను నాతాను చెప్పిన క్షమ రద్దుకాలేదు. పాపఫలములు కొనసాగుటను క్షమ దొరకలేదనుటకు నిదర్శనముగా చూపు బోధకులు ఈ కథను తుదివరకు చదువవలెను.

స్టూవర్టుపురము

ఈ చరిత్రమంతటిలో అత్యంత విచారకరమైన ప్రకరణము బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురమునది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించిన పిదప, ఎరుకలవారిలో అనేక కుటుంబములను పోలీసు పట్టికలలోనికి ఎక్కించి, 1913లో ఈ సెటిల్‌మెంటున చేర్చి, నిర్వహణమును రక్షణ సైన్యమునకు అప్పగించిరి. గవర్నరు కార్యాలోచన సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేర గ్రామము వెలసినది. రక్షణ సైన్యపు ఆరాధనమందిరమున ముందుభాగమున నుండు బల్లను కరుణాపీఠమందురు. పశ్చాత్తప్తుడు లేచి వచ్చి దానిచెంత మోకరించినచో అతనికి క్షమ ప్రకటింపబడును. సిద్ధాంతముగా ఇంతకంటె ఉదారమైన ఆచారము లేదు. కాని ఆదివారమున ఆ బల్లయొద్ద దేవునిచే క్షమింపబడినవాడు, నియమిత వేళలకు హాజరు పట్టికయెదుట నిలిచి తాను జన్మతః దొంగనని ఒప్పుకొనవలసియుండెను. ఒక్కనాడైనను దొంగతనము చేయని తల్లికిని, అప్పుడే పుట్టిన శిశువునకును అదే పేరు. వెలుపలినుండి వచ్చు మాట నిశ్చయమునకు ఆధారమైనచో, ఆ మాటను వెలుపలినుండియే మరియొక మాట నిత్యము చెరపుచున్నప్పుడు నిశ్చయము నిలుచుట యెట్లు? స్వాతంత్ర్యానంతరము చట్టము రద్దైనను పేరు చెరగలేదు. చలనచిత్రములు, నవలలు దానిని సొమ్ము చేసికొన్నవి.

1970వ దశకమున ఆ గ్రామమునకు వెళ్ళి దోపిడికాండ్రతో మాటలాడి, వారిని లొంగునట్లు చేసి, పిల్లలను బడికి పంపినవారు నాస్తికులు: గోరా కుమారుడు లవణము, ఆతని భార్య హేమలత. హేమలత మహాకవి గుర్రం జాషువ కుమార్తె. దైవక్షమను నమ్మని ఆ దంపతులు ఆ ఇండ్లలో కూర్చుండి భుజించిరి. ఈ విషయము దైవక్షమాచర్చలో ఏల యని కొందరు శంకింతురు. పంక్తిలో చేర్చుకొనకుండ పలికిన క్షమావాక్యమునకు ఎంత బలము కలదో చూపుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు కనబడలేదు.

క్షమింపరాని పాపమను భీతి

పరిశుద్ధాత్మ దూషణకు క్షమాపణ లేదని సువార్తలందు చెప్పబడినది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక ఆరవ, పదవ అధ్యాయములలోను కఠినోక్తులు కలవు. వీనిని తమకు అన్వయించుకొని నిద్రాహారములు మానినవారి నోదార్చుట అయ్యగార్లకు అన్ని తరములందును తప్పని పని. దూషణయనగా క్రీస్తు చేసిన మేలును ఎరిగియు దానిని దయ్యపు పనియని మొండిగా చెప్పుచుండుటయనియు, అట్టివానికి క్షమాపణమీద కోరికయే యుండదనియు, కావున భయపడి విలపించువాడు ఆ పాపము చేసినవాడు కాడనియు వ్యాఖ్యాతలు సాధారణముగా సమాధానము చెప్పుదురు. సమాధానము సరియైనదే, కాని దినమునకు పదిమార్లు విన్నను పదకొండవమారు అడుగువాడు కలడు. చేతులు కడిగినను మురికి పోలేదను వ్యాధియు, ఒప్పుకొన్నను పాపము పోలేదను వ్యాధియు ఒక్క జాతివని వైద్యులు గుర్తించి చికిత్స చేయుచున్నారు. గుంటూరు బ్రాడీపేట లైన్లలో ప్రార్థనామందిరమును, మనోవైద్యుని గదియు ఒక్క అడ్డరోడ్డులో దొరకును. మొదటిదానినుండి రెండవదానికి పంపుట అవిశ్వాసమని తలంచు బోధకుడు రోగికి ద్రోహము చేసినవాడగును.

ఆత్మహత్య విషయమున ఈ భీతి కుటుంబములను పట్టి పీడించును. 1987–88లో తెల్లదోమ పత్తిచేలను నాశనము చేయగా గుంటూరు, ప్రకాశము మండలములందు అప్పులపాలైన రైతులు పురుగుమందు త్రాగి మరణించిరి. ఒప్పుకొనుటకు వ్యవధిలేక పోయినవానికి క్షమ కలదా యని భార్యాబిడ్డలు అడిగినప్పుడు, పూర్వాచారమును పట్టుకొని సమాధిక్రియను నిరాకరించిన సంఘములు ప్రపంచమున పెక్కు కలవు. 1992లో వెలువడిన కాథలిక్ సత్యోపదేశము, అట్టివారి రక్షణనుగూర్చి నిరాశ పడరాదనియు, దేవునికి మాత్రమే తెలిసిన మార్గములు కలవనియు చెప్పి వారికొరకు ప్రార్థించుచున్నది.

నష్టపరిహారము, చట్టము, రహస్యము

జక్కయ్య అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. నకిలీ పత్తి విత్తనము అమ్మినవాడు, మిరపకాయలను తూకములో మోసగించినవాడు దేవునియొద్ద క్షమాపణ పొంది రైతుయొద్దకు పోకపోవుట నిగమశర్మ కథను మరల నడపుటయే. పరిహార మిచ్చుట క్షమకు మూల్యము గాదని లూథరు సంఘము నొక్కి చెప్పును. ఆ మాటను తప్పించుకొనుటకు సాకుగా వాడుకొనుటయు ఆ సంఘమునకే తెలిసిన ప్రమాదము.

రాజ్యము చూపు క్షమ వేరు జాతిది. 1993 మార్చి 8న చిలకలూరిపేట చెంత దోపిడియత్నములో బస్సునకు నిప్పు పెట్టగా 23 మంది ప్రయాణికులు దగ్ధులైరి. మరణదండన పొందిన ఇద్దరు యువకులకు 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దానిని యావజ్జీవ శిక్షగా మార్చెను. క్షమాభిక్ష యను పేరున జరిగిన ఈ కార్యము శిక్షను తగ్గించినది, దోషమును మాపలేదు, చెరసాల తలుపును తెరువలేదు. దైవక్షమ దోషమును మాపుననియు, శిక్షను న్యాయస్థానమునకే విడుచుననియు మతాచార్యులు చెప్పుదురు. కావున చర్చిలో క్షమాపణ పొందినవాడు పోలీసు స్టేషనునకు పోనక్కరలేదను బోధకు ఏ ప్రధాన సంఘమునందును ఆధారము లేదు.

రహస్యము మిగిలిన చిక్కు. పాపసంకీర్తనమున విన్నదానిని వెల్లడించిన కాథలిక్ గురువు తన సంఘశాసనము ప్రకారము తత్‌క్షణమే బహిష్కృతుడగును. భారత సాక్ష్య చట్టము 1872లోని 126వ విభాగము న్యాయవాదికి కక్షిదారుడు చెప్పిన మాటకు రక్షణ నిచ్చెను. 2024 జూలై 1న దాని స్థానమున వచ్చిన క్రొత్త చట్టమును ఆ రక్షణను న్యాయవాదికే నిలిపినది. మతగురువునకు అట్టి ప్రత్యేక విభాగము లేదు. ప్రొటెస్టంటు పల్లెలలో చట్టముకంటె వదంతి భీతి హెచ్చు: అయ్యగారును, ఒప్పుకొనవలసినవాడును, నష్టపడినవాడును ఒక్క వీధివారే యగుటచే, చెప్పవలసినవాడు ఊరివారెవ్వరును ఎరుగని బోధకుని వెదకికొని పట్టణపు సభలకు పోవును. ఆ బోధకుడు క్షమను ప్రకటింపగలడు గాని ఊరిలోని బల్లయొద్ద అతనికి చోటు చూపలేడు. లూథరు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ఏకాంత ఒప్పుకోలుకు సులభమైన క్రమ మొకటి కలదు, ఆ గ్రంథము గుంటూరు సంఘమున చదువబడుచునే యున్నది. దానిని ఆచరణలోనికి తెచ్చుటకు క్రొత్త సిద్ధాంతము అక్కరలేదు, విన్నదానిని దాచని అయ్యగారిని పదవినుండి తొలగించు నియమ మొకటి చేసికొన్న చాలును.